పుట్టగొడుగుకు గాలి కావాలి, కూలికి వద్దా?

గాలి కంటికి కనిపించదు. కాని అది ప్రాణం ఎలా తీస్తుందో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు చూపించింది. రేవు పక్కన కాపురముండే వాళ్ళకు బొగ్గు ధూళి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఇప్పుడు చెప్పబోయేది పుట్టగొడుగుల గదిలో గాలి సంగతి.

పొలం పని దొరకని రోజుల్లో మన ఆడకూలీలు కొందరు ముత్యపుచిప్ప పుట్టగొడుగుల షెడ్లకు వెళుతున్నారు. వారిలో ఒకామె నాతో అన్నది: "పన్లోకెళ్ళిన్నాడు రాత్రి జొరం, దగ్గు అన్నా. ఆదోరం ఇంటికాడుంటే తగ్గిపోతాది. సోమారం మళ్ళీ అదే." చలిజ్వరమనుకుని బిళ్ళలు మింగింది. జబ్బు అది కాదు.

ముదిరిన పుట్టగొడుగు గొడుగు కింది నుండి సన్నని పొడి రాలుతుంది. ఆ బీజకణాలు ఊపిరితో లోపలికి పోతే కొందరికి నాలుగైదు గంటల తర్వాత జ్వరం, వణుకు, దగ్గు, ఆయాసం వస్తాయి. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే ఊపిరితిత్తులు గట్టిపడిపోవచ్చు.

గదిలో చెడుగాలి నిండితే పుట్టగొడుగు కాడ సాగి, గొడుగు చిన్నదవుతుంది, ధర పడిపోతుంది. అప్పుడు యజమాని పరుగెత్తి ఫ్యాను తెస్తాడు. కూలి దగ్గితే మాత్రం తేడు!

ఎంత ఫ్యాను కావాలి? లెక్క మనమే కట్టవచ్చు. గది 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు అయితే 1600 ఘనపుటడుగులు. గంటకు ఆరుసార్లు గాలి మారాలంటే 9600. అరవైతో భాగిస్తే నిమిషానికి 160. జాలీ, గొట్టం, ఫిల్టరు అడ్డుపడి గాలిని తగ్గిస్తాయి గనుక 200కి తక్కువ కాకుండా చూడాలి. గాలి వచ్చే కన్నం ఒక గోడకు, పోయే ఫ్యాను ఎదురు గోడకు వుండాలి. రెండూ ఒకే పక్కనుంటే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, గది మధ్యన మురుగు గాలి మిగిలిపోతుంది. వచ్చే కన్నానికి పురుగు దూరని వల, ధూళి పట్టే గుడ్డ కట్టాలి.

ఇక బొగ్గు ఫిల్టరు. కొబ్బరి చిప్పలను కాల్చి తయారుచేసే బొగ్గు కూడా ఇందులో వాడతారు. అది వాసనను పడుతుంది, ఇరుగుపొరుగు గొడవ తగ్గుతుంది. కాని బొగ్గుపులుసు వాయువును పట్టదు, బీజకణాలను ఆపడం దాని పని కాదు. పుట్టగొడుగుల గదిలో వుండే తేమకు త్వరగా నీరసిస్తుంది, నిండాక మార్చాలి. "ఫిల్టరు పెట్టించాను, ఇంకేం కావాలి?" అనే యజమానికి ఈ మాటే జవాబు. బీజకణాలకు ధూళి ఫిల్టరు వేరే వుండాలి, కూలికి ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 మాస్కు ఇవ్వాలి. ఊరికే గుడ్డ చుట్టుకుంటే చాలదు.

ఖర్చులేని ఉపాయమూ వుంది. గొడుగు అంచు పైకి తిరగకముందే కోయాలి. అప్పుడు పొడి తక్కువ రాలుతుంది. కోతకు ముందు కొంతసేపు ఫ్యాను తిప్పాలి.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా! కూలి రేటు మాట్లాడేటప్పుడే ఫ్యాను, మాస్కు, వైద్య ఖర్చు కూడా మాట్లాడండి. దగ్గు, జ్వరం వస్తే ఏ పనిలో వున్నారో డాక్టరుకు చెప్పండి. ఒక్కరే అడిగితే పని పోతుంది, షెడ్డు షెడ్డంతా అడిగితే ఫ్యాను వస్తుంది.