ఫీడ్ రీడర్ మూతపడితే ఏం చేయాలి?

మీరు సత్తెనపల్లిలో ఉంటూ మిర్చి ధరలు, సాగర్ కాలువ నీటి వార్తలు, పరీక్షల ప్రకటనలు రోజూ వేర్వేరు వెబ్‌సైట్లలో చూస్తారనుకుందాం. ఫీడ్ సౌకర్యమున్న సైట్లలోని కొత్త అంశాలను ఒకేచోట చూపే ఉపకరణమే ఫీడ్ రీడర్.

2005లో మొదలైన గూగుల్ రీడర్ ఇటువంటిదే. వాడకం తగ్గిందన్న కారణంతో దానిని 2013 జులై 1న మూసివేశారు. చందాల జాబితాను దించుకోవడానికి జులై 15 వరకు గడువిచ్చారు. దించుకున్నవారు దానిని మరొక రీడర్‌లోకి ఎక్కించుకోగలిగారు. జాబితాను ఏ విధంగానూ కాపాడుకోనివారు దానిని మళ్ళీ మొదటి నుంచి కూర్చుకోవలసి వచ్చింది.

కాబట్టి ఫీడ్లీ, ఇనోరీడర్ వంటి వాటిలో ఒకదానిని ఎంచుకొనేటప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా బయటకు తీసుకోవచ్చా? అన్నిటికంటె ఇదే ముఖ్యం.
2. ఉచిత ఖాతాలో ఎన్ని ఫీడ్లు చేర్చుకోవచ్చు?
3. మీ ఫోనులో తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయా?

గమనిక: ఓపీఎంఎల్ ఫైలులో ఫీడ్ల పేర్లు, చిరునామాలు ఉంటాయి, వ్యాసాలు ఉండవు. కావలసిన వ్యాసాలను విడిగా దాచుకోండి.

అభ్యాసం: మీ జాబితాను ఈరోజే దించి, వేరొక రీడర్‌లోకి ఎక్కించి చూడండి. లోపం ఉంటే ఇప్పుడైతే సరిచేసుకోవచ్చు. మూతపడ్డాక ఆ వీలుండదు.