నర్సు పని చదువుగా ఎలా మారింది?

ఈ ఎపిసోడ్‌లో మనం నర్సింగ్ గురించి మాట్లాడుకుందాం. మే 12 వచ్చిందంటే నర్సుల సేవాగుణం గురించి ఉపన్యాసాలు, సన్మానాలు, శాలువాలు మామూలే. వాటి జోలికి నేను వెళ్ళను. నర్సు పనికి చదువు కావాలనే ఆలోచన ఎప్పుడు పుట్టింది, దానికి ఎవరు అడ్డం పడ్డారు, ఇవాళ అది ఎక్కడిదాకా వచ్చింది, ఇవి చూద్దాం.

ముందు ఒక మాట అడుగుతాను. వార్డులో డాక్టరుగారు రోజుకి ఎంతసేపు ఉంటారు? పొద్దున రౌండ్స్‌కి వస్తారు, సాయంత్రం ఇంకోసారి వస్తారు. మిగతా సమయమంతా పేషెంటు దగ్గర ఉండేది నర్సే. రాత్రి రెండు గంటలప్పుడు ఆపరేషన్ అయిన మనిషికి నాడి వేగం పెరుగుతోంది, బీపీ తగ్గుతోంది, చేతులు చల్లబడుతున్నాయి. లోపల రక్తం పోతోందేమో అని అనుమానించి డాక్టరుని లేపాల్సింది ఆవిడే. ఓపిక, దయ ఉంటే మంచిదే, కానీ ఆ అనుమానం రావాలంటే శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసుండాలి. అసలు విషయం ఇక్కడే ఉంది.

రెండు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండులో ఇలా అంటే నవ్వేవాళ్ళు. అప్పట్లో కాస్త ఉన్నవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు కాదు, వైద్యం ఇంట్లోనే జరిగేది. ఆసుపత్రి అంటే పేదవాళ్ళకి. అందులో నర్సు అంటే ఊడ్చి, కడిగి, అన్నం పెట్టే మనిషి. చార్లెస్ డికెన్స్ 1840ల్లో రాసిన ‘మార్టిన్ చజల్‌విట్’ నవలలో శారా గ్యాంప్ అనే నర్సు పాత్ర ఉంది, ఎప్పుడూ తాగి ఉంటుంది. జనం మనసులో నర్సు బొమ్మ అలాగే ఉండేది.

మార్పు జర్మనీలో మొదలైంది. కైజర్స్‌వెర్త్ అనే ఊళ్ళో 1836లో థియోడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు, క్రైస్తవ సేవికలకి రోగుల సంరక్షణ నేర్పే సంస్థ పెట్టాడు. 1851లో ఫ్లోరెన్స్ నైటింగేల్ అక్కడికి వెళ్ళి కొన్ని నెలలు పని నేర్చుకుంది. బాగా డబ్బున్న కుటుంబం వాళ్ళది. ఈ పనేంటి నీకు అని ఇంట్లో ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు.

తర్వాత కథ మీకు తెలిసిందే. 1854లో క్రిమియా యుద్ధం, 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారి సైనిక ఆసుపత్రి, చేతిలో దీపం. ఆ దీపం వెలుగులో మనకి కనపడకుండా పోయిన సంగతి ఒకటుంది. ఆవిడ వెళ్ళిన మొదటి చలికాలంలో అక్కడ చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో చేరినవాళ్ళలో నూటికి 40 మందికి పైగా పోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చి, మురుగు కాలవలు శుభ్రం చేయించి, గాలి ఆడేలా చేశాక చావులు బాగా తగ్గాయి. సైనికుల్లో ఎక్కువమంది గాయాల వల్ల పోలేదు, విరేచనాలు, జ్వరాల్లాంటి వాటివల్ల పోయారు. యుద్ధం అయ్యాక నైటింగేల్ ఆ లెక్కలన్నీ ముందేసుకుని, రంగుల చక్రాల్లాంటి పటాలు గీసి ప్రభుత్వానికి చూపించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆవిడని సభ్యురాలిగా తీసుకుంది. అందులో చేరిన మొదటి మహిళ ఆవిడే. నా దృష్టిలో నర్సింగ్‌కి ఆవిడ ఇచ్చిన పెద్ద ఆస్తి ఇదే. చూడాలి, రాసుకోవాలి, లెక్కపెట్టాలి, అప్పుడు నిర్ణయించాలి.

జనం ఇచ్చిన చందాలు సుమారు 45 వేల పౌండ్లు పోగయ్యాయి. ఆ డబ్బుతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి తెరిచారు. ఏడాది శిక్షణ, ఉండడానికి హాస్టలు, పైన మేట్రన్. నర్సులు ఆడవాళ్ళ అజమాయిషీలోనే ఉండాలని నైటింగేల్ పట్టుబట్టింది. అక్కడ చదివినవాళ్ళు దేశదేశాలకి వెళ్ళి బళ్ళు పెట్టారు. అమెరికాలో 1873లో ఒకే ఏడాది న్యూయార్క్, న్యూహేవెన్, బోస్టన్‌లలో మూడు బళ్ళు ఇదే పద్ధతిలో మొదలయ్యాయి.

ఇక్కడే చిక్కు వచ్చి పడింది. ఆసుపత్రుల వాళ్ళకి ఒక సంగతి అర్థమైంది. బడి పెడితే విద్యార్థినులు వస్తారు, వాళ్ళకి తిండీ వసతీ ఇచ్చి కాస్త చేతిఖర్చు ఇస్తే చాలు, వార్డు మొత్తం నడిచిపోతుంది. అమెరికాలో బళ్ళు వందల్లో పుట్టుకొచ్చాయి. రోజుకి పన్నెండు గంటలు వార్డు పని, పాఠం ఏమో అలసిపోయాక సాయంత్రం. చదువు పూర్తయినవాళ్ళని ఆసుపత్రి ఉద్యోగంలోకి తీసుకునేది కాదు, ఎందుకంటే కొత్త బ్యాచ్ ఉంది కదా! వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి ప్రైవేటుగా రోగులని చూసుకుని బతికేవాళ్ళు. పేరు విద్య, జరిగేది చాకిరీ అన్నమాట.

దీన్నుంచి బయటపడ్డానికి రెండు దారుల్లో పోరాటం జరిగింది. ఒకటి చట్టం. ఎవరు పడితే వాళ్ళు నర్సు అని చెప్పుకోకుండా, ఇంత చదివి, పరీక్ష ప్యాసై, రిజిస్టరులో పేరు ఉన్నవాళ్ళే నర్సు అనాలి. న్యూజిలాండ్ 1901లోనే దీనికి ప్రత్యేక చట్టం చేసింది, 1902లో ఎలెన్ డోర్టీ మొదటి రిజిస్టర్డ్ నర్సు అయింది. ఇంగ్లండులో ఎథెల్ ఫెన్విక్ అనే ఆవిడ 1887లో సంఘం పెట్టి మొదలుపెడితే చట్టం వచ్చేసరికి 1919 అయింది. విచిత్రం ఏమిటంటే, దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళలో నైటింగేల్ కూడా ఉంది. మంచి నర్సు లక్షణాలు పరీక్షలో తేలవు అని ఆవిడ వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ పరీక్షా రిజిస్టరూ లేకపోతే రోగికి దిక్కేమిటి? అందుకే ఫెన్విక్ వైపే నేను ఉంటాను.

రెండో దారి విశ్వవిద్యాలయం. 1907లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో మేరీ అడిలేడ్ నటింగ్ నర్సింగ్ ప్రొఫెసర్ అయింది. ప్రపంచంలో ఆ పదవి పొందిన మొదటి నర్సు ఆవిడే. 1909లో మిన్నెసోటా యూనివర్సిటీ నర్సింగ్ స్కూలు పెట్టింది. 1923లో గోల్డ్‌మార్క్ రిపోర్టు ఆసుపత్రి బళ్ళ లోపాలని బయటపెట్టింది. అదే ఏడాది యేల్ యూనివర్సిటీలో, వార్డు అవసరం కోసం కాకుండా చదువు కోసం నడిచే నర్సింగ్ స్కూలు మొదలైంది.

మన దగ్గరికి వద్దాం. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లోనే నర్సుల శిక్షణ ఉంది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అయితే మనవాళ్ళు పిల్లల్ని పంపలేదు. పరాయి మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకోవాలి, మలమూత్రాలు తియ్యాలి, రాత్రిళ్ళు డ్యూటీ చెయ్యాలి. కులం, మడి, మర్యాద అన్నీ అడ్డం. పురుడు పోసే పని మంత్రసానిది, ఆవిడకి మర్యాద అంతంతమాత్రం. నర్సుని కూడా ఆ లెక్కలోనే కట్టారు. అందుకే చాలాకాలం ఈ వృత్తిలోకి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఆంగ్లో ఇండియన్లు, మిషన్ బళ్ళలో చదివిన క్రైస్తవ అమ్మాయిలు. మిగతావాళ్ళు వద్దన్న పనిని వాళ్ళు చేశారు, ఆ ఋణం మనం గుర్తు పెట్టుకోవాలి.

1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఏర్పడింది, 1926లో మద్రాసు ప్రెసిడెన్సీకి నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 1946లో భోర్ కమిటీ రిపోర్టు చూస్తే గుండె ఝల్లుమంటుంది. దేశం మొత్తానికి దాదాపు 7 వేల మంది నర్సులు, అంటే 43 వేల మంది జనానికి ఒక్క నర్సు. అదే ఏడాది ఢిల్లీలోనూ వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు.

సరే, డిగ్రీ చదివితే రోగికి ఏమొస్తుంది అని అడగొచ్చు. 2003లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులని పరిశీలించింది. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం ఎక్కువ ఉన్నచోట, ఆపరేషన్ అయినవాళ్ళు నెలలోపు చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే, చదువే కారణమని దీంతో తేలిపోదు. కానీ పక్కకి నెట్టెయ్యగలిగిన లెక్క కూడా కాదు.

మరి ఇంత చదివినవాళ్ళ జీతం? 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. కోర్టు ఆదేశంతో ఏర్పడ్డ కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకి 20 వేలకి తగ్గకూడదని సిఫారసు చేసింది. మీకు తెలిసిన నర్సుని ఎవరినైనా అడిగి చూడండి, అంత వస్తోందా అని.

అమ్మాయినో అబ్బాయినో నర్సింగ్‌లో చేర్పించాలనుకునే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే. కాలేజీ బిల్డింగ్ చూసి మోసపోకండి. గుర్తింపు ఉందా, పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో వేస్తారు, అక్కడ ఎన్ని పడకలున్నాయి, వార్డులో పక్కనుండి నేర్పే టీచరు ఉన్నారా, లేక స్టాఫ్ లేని లోటు మీ పిల్లలతో పూడుస్తున్నారా? ఇవి మొహమాటం లేకుండా అడగండి. నూరేళ్ళ క్రితం అమెరికాలో అడిగిన ప్రశ్నే ఇది. ఇవాళ మనం కూడా అడగాలి.