ముడి ఛాయాచిత్ర దత్తాంశం – పరివర్తక సాఫ్ట్‌వేర్ ఎంపిక

కెమెరాలోని సంవేదకం గ్రహించిన కాంతి పరిమాణాలను, రంగుగానీ మెరుగుగానీ దిద్దకుండా, అంకెల రూపంలో భద్రపరచిన దత్తాంశాన్ని ముడి ఫైలు లేదా రా ఫైలు అంటారు. అది ఇంకా చిత్రం కాదు. దానిని చూడదగిన చిత్రంగా మలచే ప్రక్రియ పరివర్తన. ఆ పని చేసేది పరివర్తక సాఫ్ట్‌వేర్. 14 బిట్ల ముడి ఫైలులో ఒక్కొక్క బిందువు వద్ద 16,384 కాంతి స్థాయిలను గుర్తించవచ్చు. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కొక్క వర్ణానికి 256 స్థాయిలే ఉంటాయి.

పరివర్తనకు మూలం వర్ణపూరణం. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంటు పొందిన వర్ణజాలకంలో ప్రతి నాలుగు బిందువులలో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని కొలుస్తాయి. ప్రతి బిందువు వద్ద లేని రెండు వర్ణాలనూ పొరుగు బిందువుల ఆధారంగా లెక్కగట్టి పూరించాలి. ఆపైన శ్వేత సమతుల్యత, వర్ణ నిర్ణయం, నాయిస్ తగ్గింపు జరుగుతాయి. ఈ గణన విధానాలు సాఫ్ట్‌వేర్‌కొక తీరుగా ఉంటాయి కనుకనే ఒకే ఫైలు రెండింటిలో రెండు రకాలుగా కనబడుతుంది.

కాబట్టి ప్రకటనలలోని నమూనా చిత్రాలను చూసి ఎంచుకోవడం శాస్త్రీయం కాదు. సికింద్రాబాదులోని కార్ఖానా ప్రాంతంలో పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియో వారికి సరైన పరీక్షాపత్రం, ఎల్ఈడీ దీపాల కింద తీసిన ఎర్ర పట్టుచీర, జరీ అంచు, పసుపు రాసిన ముఖం. ముడి ఫైలులో మడతల వివరం మిగిలి ఉన్నా, లోపభూయిష్టమైన పరివర్తన ఎరుపునంతా ఒకే ముద్దగా చేసివేస్తుంది.

లభ్యమయ్యే సాధనాలు మూడు తరగతులు. కెనాన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్ వారి ఎన్‌ఎక్స్ స్టూడియో ఉచితాలు. తమ కెమెరా రంగులను నమ్మకంగా చూపుతాయి గానీ ఇతర సంస్థల ముడి ఫైళ్ళకు పనికిరావు. లైట్‌రూమ్, క్యాప్చర్ వన్ వాణిజ్య సాధనాలు. వేల ఫోటోలను వేగంగా వర్గీకరించి దిద్దవలసిన వారికి వాటి చందా భారం సార్థకమే. డార్క్‌టేబుల్, రా థెరపీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఓపికగా నేర్చుకునే వారికి వాటిలో కొరత తక్కువ. కొత్తగా స్టూడియో పెట్టినవారు మొదటి, మూడవ తరగతులతో ఆరంభించడమే సముచితమని నా అభిప్రాయం.

మన్నిక మరింత ముఖ్యం. మనం చేసిన దిద్దుబాట్లు ముడి ఫైలును మార్చవు. ఆదేశాలుగా విడిగా నిలుస్తాయి. ఒక సాఫ్ట్‌వేర్ ఆదేశాలు మరొకదానికి పూర్తిగా అర్థం కావు. 2005లో వచ్చిన యాపిల్ వారి అపర్చర్ అభివృద్ధిని ఆ సంస్థ 2014లో నిలిపివేసింది. 2019 నాటి మ్యాక్‌ఓఎస్ క్యాటలినాలో అది పనిచేయలేదు. మరోవైపు, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గాజుపలకల నెగటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. మూలం మిగిలింది కనుకనే వాటినుండి నేటికీ ముద్రణలు తీయవచ్చు.

అందువల్ల చందా కట్టే ముందు మీ కెమెరా ఫైళ్ళనే పరీక్షించి చూడండి. ముఖ్యమైన చిత్రాలను 16 బిట్ల టిఫ్ రూపంలో కూడా దాచండి. ముడి ఫైళ్ళను మాత్రం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి.