రోలా దశ్తీ గెలిచిన ఓటు

కువైట్ అంటే మనకి దీనార్లూ, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళూ గుర్తొస్తారు. 2005 దాకా ఆ ఇళ్ళ యజమానురాళ్ళకే ఓటు లేదు! 1999లో బిల్లు 32-30తో వీగిపోయింది. రెండే ఓట్లు. ఆర్థికవేత్త రోలా దశ్తీ, ఆవిడతోటి ఆడవాళ్ళూ పట్టు వదల్లేదు; 2005 మే 16న 35-23తో హక్కు సాధించుకున్నారు. ఓటైతే వచ్చింది గానీ ఆవిడ 2006లో ఓడారు, 2008లోనూ ఓడారు. 2009లో గెలిచిన తొలి నలుగురు మహిళల్లో ఒకరయ్యారు. ముసుగు లేకుండా సభకి వెళ్తే కేసు వేశారు. రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

ఆ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ చట్టం మాత్రం 2015లో గానీ రాలేదు. రోజుకి 12 గంటలకి మించి పని వద్దన్నారు, వారానికో సెలవన్నారు. పాస్‌పోర్టు లాక్కోకూడదనీ రాశారు. లాక్కుంటే శిక్షేమిటో రాయలేదు.