ఊరు మారితే ఆట ఆగాలా? బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు హైస్కూలు ఎంపిక

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. వాళ్ళు అమెరికా వచ్చి ఉంటే "హైస్కూలు పిల్లలతో ఊరు మారి చూడు" అని మూడోది కూడా చేర్చేవారు. ప్రాజెక్టు అయిపోవడమో, ఆఫీసు తరలిపోవడమో, కొత్త ఉద్యోగమో, ఏదో ఒక కారణంగా రాష్ట్రాలు మారడం మన కుటుంబాలకు మామూలే. పిల్లలు చిన్నవాళ్ళైతే బొమ్మలు సర్దుకుని మన వెంట వచ్చేస్తారు. పదిహేనేళ్ళ పిల్ల స్కూలు బాస్కెట్‌బాల్ టీములో ఆడుతుంటే మాత్రం సంగతి వేరు.

కొత్త ఊళ్ళో ఇల్లు వెతికేటప్పుడు మనం ఏం చూస్తాం? ఆఫీసు ఎంత దూరం, గుడీ ఇండియన్ స్టోరూ దగ్గరేనా, గ్రేట్‌స్కూల్స్ రేటింగు తొమ్మిదా పదా! ఇంతవరకు చూసి లీజు మీద సంతకం పెట్టేస్తాం. ఆడే బిడ్డ ఉన్న ఇంటికి ఇది చాలదు. బడి ఎంత మంచిదో రేటింగు కొంత చెబుతుంది కాని, ఆ బడిలో మన బిడ్డకు చోటుందో లేదో చెప్పదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక అమ్మాయి తొమ్మిదో తరగతి పూర్తి చేసింది, జూనియర్ వార్సిటీ టీములో ఆడింది. నాన్నగారికి డాలస్ దగ్గర ఉద్యోగం వచ్చింది. వాళ్ళు ఏమేం చూసుకోవాలి?

ముందు నిబంధనలు

హైస్కూలు ఆటలను ప్రతి రాష్ట్రంలోనూ ఒక సంస్థ నడుపుతుంది. టెక్సస్‌లో ప్రభుత్వ పాఠశాలలకు యూఐఎల్, కాలిఫోర్నియాలో సీఐఎఫ్, న్యూజెర్సీలో ఎన్‌జేఎస్ఐఏఏ. ఒక రాష్ట్రం నియమం ఇంకో రాష్ట్రంలో చెల్లదు. కాబట్టి స్నేహితులు చెప్పింది విని ఊరుకోకుండా, వెళ్ళబోయే రాష్ట్రం నిబంధనలు మీరే ఒకసారి చదవండి.

టెక్సస్‌లో ముఖ్యమైన నియమం ఇది: కేవలం ఆట కోసం బడి మారినట్టు తేలితే, ఆ విద్యార్థి కనీసం ఒక సంవత్సరం వార్సిటీ ఆడడానికి వీల్లేదు. 9 నుంచి 12 తరగతుల్లో వేరే బడి తరఫున ఆడి వచ్చిన ప్రతివారికీ ఒక ఫారం నింపాలి. అందులో పాత బడివారు, కొత్త బడివారు, తల్లిదండ్రులు, అందరి సంతకాలూ ఉంటాయి. ఉద్యోగం వల్ల కుటుంబమంతా నిజంగా ఊరు మారితే భయపడాల్సిన పని లేదు. కాని ఆ నిజం కాగితాల్లో కనపడాలి. కొత్త ఇంటి లీజు, కరెంటు బిల్లు, పాత ఇల్లు ఖాళీ చేసిన ఆధారం ఒక ఫైలులో పెట్టుకోండి.

మనవాళ్ళు తరచు చేసే రెండు ఏర్పాట్లు ఇక్కడ చిక్కు తెస్తాయి. నాన్న పాత ఊళ్ళో ఉండిపోయి, అమ్మా పిల్లలూ ముందు వెళ్ళడం మొదటిది. దీనిమీద ప్రశ్నలు వస్తాయి, కాబట్టి బడివారిని ముందే అడగండి. మంచి బడి జోన్‌లో ఉన్న స్నేహితుల అడ్రసు వాడుకోవడం రెండోది. ఇది అసలే వద్దు. బయటపడితే మన బిడ్డతో పోదు, ఆమె ఆడిన ఆటలు టీము మొత్తానికి ఓటమి కింద రాసేస్తారు.

ఇంకొక మాట. ఇల్లు తీసుకోకముందే కోచ్‌కు ఫోన్ చేసి "మా అమ్మాయిని టీములోకి తీసుకుంటారా?" అని బేరం ఆడకండి. బడులు ఆటగాళ్ళను ఆకర్షించి చేర్చుకోవడం నిషేధం. కౌన్సెలర్‌ను, అథ్లెటిక్స్ ఆఫీసును మామూలు వివరాలు అడగడం మంచి పద్ధతి.

ఎప్పుడు మారాలి?

మన చేతిలో ఉంటే తొమ్మిదో తరగతి మొదలయ్యే ముందు వేసవి అన్నిటికన్నా సులువు. టెక్సస్ బడులు ఆగస్టులోనే తెరుస్తారు, న్యూజెర్సీలో లాగా సెప్టెంబరు దాకా ఆగరు. సంవత్సరం మధ్యలో చేరితే సాధారణంగా 15 రోజులు బడికి హాజరయ్యాకే పోటీల్లో ఆడనిస్తారు. ప్రాక్టీసులు శరదృతువులోనే మొదలవుతాయి కనుక డిసెంబరులో చేరే పిల్లలకు టీములు అప్పటికే నిండిపోయి ఉంటాయి.

తొమ్మిదో తరగతిలో మొదటిసారి చేరినప్పటి నుంచి ఆటకు నాలుగేళ్ళే గడువు. హైదరాబాదులో తొమ్మిది చదివి వచ్చిన పిల్లలకు కూడా ఆ గడియారం అక్కడే మొదలైనట్టు లెక్క. "ఇంగ్లీషు అలవాటు పడాలి, మళ్ళీ తొమ్మిదిలోనే చేర్పిద్దాం" అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెద్ద బడా, చిన్న బడా?

ఇక్కడ చిన్న లెక్క ఉంది. బడిలో వెయ్యిమంది ఉన్నా, మూడు వేలమంది ఉన్నా వార్సిటీ టీములో ఉండేది సుమారు 12 నుంచి 15 మందే. కోర్టు మీద ఉండేది ఐదుగురే. బడి పెద్దదైన కొద్దీ ఒక్కో చోటుకు పోటీ పెరుగుతుంది.

డాలస్ చుట్టుపక్కలే ఈ తేడా కనిపిస్తుంది. ఫ్రిస్కో స్కూలు జిల్లా ఒక్కో హైస్కూలును సుమారు 2,100 మందికి పరిమితం చేయాలన్న పద్ధతిలో ఎక్కువ బడులు కట్టింది. బడులు ఎక్కువైతే టీములూ ఎక్కువే. పక్కనే ఉన్న ప్లేనోలో 9, 10 తరగతులు ఒక బడిలో, 11, 12 తరగతులు చాలా పెద్ద సీనియర్ హైస్కూలులో నడిపే పద్ధతి ఉంది. ఒకటి మంచిది, ఇంకొకటి చెడ్డది అని కాదు. గట్టి పోటీలో రాటుదేలే పిల్లలుంటారు, బెంచీ మీద కూర్చుని మనసు చెదిరే పిల్లలూ ఉంటారు. మీ బిడ్డ ఏ రకమో మీకన్నా ఎవరికి తెలుసు?

మాక్స్‌ప్రెప్స్ వెబ్‌సైటులో చాలా బడుల టీము జాబితాలు తరగతులతో సహా దొరుకుతాయి. మీ అమ్మాయి ఆడే స్థానంలో ఉన్నవాళ్ళు 12వ తరగతి వాళ్ళైతే వచ్చే ఏడు ఖాళీలు వస్తాయి. అందరూ పదో తరగతి వాళ్ళైతే రెండేళ్ళ దాకా దారి ఇరుకే. టీముల సంఖ్య, ట్రయౌట్ల తేదీలు, ఇంటికి చేరే వేళ కూడా కనుక్కోండి. వీలైతే ఒక ఆట చూసి రండి. గెలుపు సంగతి అలా ఉంచి, తప్పు చేసిన పిల్లతో కోచ్ ఎలా మాట్లాడుతున్నారో చూడండి.

చదువు లెక్క

టెక్సస్‌లో 1984 నుంచి "పాస్ కాకపోతే ఆట లేదు" అనే చట్టం ఉంది. సబ్జెక్టులో 70 కన్నా తక్కువ వస్తే కనీసం మూడు వారాలు పోటీలకు దూరం. కొన్ని ఏపీ, ఆనర్స్ కోర్సులకు మినహాయింపు ఉంటుంది.

కాలేజీలో డివిజన్ 1 లేదా 2 స్థాయిలో ఆడాలనుకుంటే ఎన్‌సీఏఏ ఆమోదించిన 16 కోర్ కోర్సులు ఉండాలి. వాటిలో డివిజన్ 1కు కనీసం 2.3 జీపీఏ, డివిజన్ 2కు 2.2 అవసరం. డివిజన్ 1కు పది కోర్సులు 12వ తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. శాట్, యాక్ట్ స్కోర్ల నిబంధనను 2023లో తీసేశారు, కాలేజీలు మాత్రం విడిగా అడగవచ్చు. కొత్త బడిలో ఏ కోర్సులకు ఆమోదం ఉందో చేరేముందే చూసుకోండి.

మన తెలుగు బడి పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. కొన్ని జిల్లాల్లో తెలుగు పరీక్ష రాసి విదేశీ భాష క్రెడిట్ తెచ్చుకోవచ్చు. హైస్కూలు పట్టాకు అది పనికొస్తుంది, తప్పక రాయండి. కాని పరీక్ష ద్వారా వచ్చిన క్రెడిట్‌ను ఎన్‌సీఏఏ కోర్ కోర్సుగా లెక్కించదు.

ర్యాంకు కూడా ముఖ్యమే. టెక్సస్‌లో 1997 చట్టం ప్రకారం తరగతిలో మొదటి పది శాతం వారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంది. ఆస్టిన్‌లోని యూటీ మాత్రం 2026 ప్రవేశాల నుంచి దాన్ని ఐదు శాతం చేసింది. పాత బడి మార్కులను కొత్త బడి ర్యాంకులో ఎలా కలుపుతారో అడగడం మరవకండి.

ఆశ ఎంత, అవసరం ఎంత

ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం హైస్కూలులో బాస్కెట్‌బాల్ ఆడే నూరుమందిలో కాలేజీ టీముల దాకా వెళ్ళేది సుమారు నలుగురే. డివిజన్ 1కు వెళ్ళేది దాదాపు ఒక్కరు. స్కాలర్‌షిప్ మీద ఆశతో మాత్రమే ఇల్లు ఎంచుకోవద్దని ఈ అంకెలు చెబుతున్నాయి.

అయితే ఆట పక్కన పెట్టేయమని కాదు. కొత్త బడిలో మొదటి వారం లంచ్ టేబుల్ దగ్గర ట్రే పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే పిల్లకు, పన్నెండు మంది టీము పన్నెండు పరిచయాలు. మనం కాగితాలు సరిగా చూసుకోక ఆ సంవత్సరం ఆట పోగొడితే, పోయేది ట్రోఫీ కాదు, ఆ స్నేహాలు. అది జేవీ టీమైనా సరే, ఆడే చోటు దొరకడం ముఖ్యం.

పిల్లలూ, ఇంట్లో ఊరు మారే మాట వినపడగానే అలిగి గది తలుపు వేసుకోకండి. ఏ బడులు చూడాలో మీరే ఒక జాబితా రాసి అమ్మానాన్నలకు ఇవ్వండి. అమ్మానాన్నలూ, లీజు మీద సంతకం పెట్టేముందు ఆ జాబితా ఒక్కసారి చదవండి.