చందన తైలం: ఆవిరి పద్ధతి, పీడన పద్ధతి

చందనం శీతవీర్యం. దాహాన్ని, తాపాన్ని, పిత్తవికారాలను శమింపజేసే ద్రవ్యంగా ఆయుర్వేదం దీనిని పేర్కొంటుంది. ఆ సుగంధం చెట్టు పైభాగాన ఉండే తెల్లని కట్టెలో ఉండదు. లోపలి చేవలోను, వేళ్లలోను ఉంటుంది. చేవ ముదరడానికి ఎన్నో ఏళ్లు పడతాయి. కనుక దానినుండి తైలాన్ని ఎలా తీస్తున్నారన్నది ముఖ్యమైన విషయం.

కన్నౌజ్‌లో రాగి పాత్రలలో నీటితో మరిగించి తైలం తీయడం పూర్వాచారం. 1917లో మైసూరులో సంస్థానం వారు నెలకొల్పిన కర్మాగారం ఆవిరి పద్ధతిని అనుసరించింది. చందన తైలంలో ప్రధానమైన శాంటలాల్ అనే పదార్థం మరిగేది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద. అందువల్ల అది ఆవిరితో చాలా నెమ్మదిగా వెలికి వస్తుంది. ఒక విడత పూర్తికావడానికి రెండు మూడు రోజులు కూడా పట్టవచ్చు.

ఇక పీడన పద్ధతి. బొగ్గుపులుసు వాయువును 31 డిగ్రీలు దాటిన వేడిలో, మామూలు గాలి ఒత్తిడికి 73 రెట్లు మించిన పీడనంలో ఉంచితే అది విచిత్రమైన స్థితిని పొందుతుంది. వాయువువలె కట్టె పొడిలోనికి చొచ్చుకుపోతుంది. ద్రవంవలె తైలాన్ని కరిగించుకుంటుంది. ఇటువంటి స్థితిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాన్యార్ ద లా టూర్ 1822లోనే గుర్తించాడు. తైలం కరిగిన ఈ ప్రవాహాన్ని వేరొక పాత్రలోనికి పంపి పీడనం తగ్గించగానే వాయువు విడిపోతుంది, తైలం మిగులుతుంది. ఆ వాయువును మరల వాడుకోవచ్చు. కాఫీ గింజలనుండి కెఫీన్ తొలగించడానికి కూడా ఇదే ఉపాయం వాడుతున్నారు.

దీని లాభాలు రెండు: తైలం ఎక్కువసేపు మరగదు, హెక్సేన్ వంటి ద్రావకాల శేషం ఉండదు. లోపాలూ లేకపోలేదు. యంత్రసామగ్రి ఖరీదైనది, పీడనాన్నిబట్టి కట్టెలోని మైనం, జిగురు వంటివి కూడా తైలంతోపాటు రావచ్చు. ఇంట్లో దీనిని ప్రయత్నించరాదు. వంటింటి ప్రెషర్ కుక్కర్‌లోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సుమారు రెండింతలు మాత్రమే.

పాఠకులు ముఖ్యంగా గమనించవలసిన భేదం ఒకటి ఉంది. చందనబలాలాక్షాది వంటి శాస్త్రోక్త తైలాలు నువ్వుల నూనెలో మూలికలను పక్వం చేసి తయారుచేసినవి, అభ్యంగనానికి ఉద్దేశించినవి. పైన చెప్పిన తైలం కట్టెలోని సుగంధసారం. ఏ పద్ధతిలో తీసినా అది అతి గాఢమైనది. ఈ రెండింటిని ఒకటిగా భావించి వాడడం ప్రమాదకరం.

సుగంధసారాన్ని నేరుగా చర్మానికి రాయరాదు. ఒక చెంచా నువ్వుల నూనెలో ఒకటి రెండు చుక్కలు కలిపి, ముందుగా ముంజేతిపై కొద్దిగా రాసి, ఒక రోజు చూడాలి. దద్దురు, మంట కనిపిస్తే మానివేయాలి. వైద్యుని సలహా లేనిదే లోనికి తీసుకోరాదు. పసిపిల్లలకు, గర్భిణులకు వాడరాదు.

వేసవి తాపానికి, చెమటకాయలకు ఇంతటి సారంతో పనిలేదు. సానపై నీటితో అరగదీసిన గంధం చాలును.