ఆనందవనం

బాధపడేవారిని చూస్తే జాలి కలగటం సహజం. చేతిలో ఉన్నది ఇచ్చి మన దారిన మనం పోతాం. కాని ఆ మనిషి పక్కన నిలబడి, అతనితో కలిసి పనిచేయటం అంత సులభం కాదు. అలా చేసి చూపిన మహనీయుడు బాబా ఆమ్టే.

ఆయన అసలు పేరు మురళీధర్ దేవీదాస్ ఆమ్టే. 1914 డిసెంబరు 26న మహారాష్ట్రలోని హింగణ్‌ఘాట్‌లో సంపన్న కుటుంబంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివి వకీలు అయ్యారు. వరోరా పట్టణంలో పారిశుద్ధ్య కార్మికులతో కలిసి మలం తట్టలు మోశారు. తనకు దేనికీ భయం లేదని అనుకునేవారు. ఒక వానరోజున దారిపక్కన పడివున్న కుష్ఠురోగిని చూసి, భయంతో ఇంటికి పరుగెత్తారు. ఆ పిరికితనం ఆయన మనసును కలచివేసింది. తిరిగి వెళ్లి, ఆ రోగికి తిండి పెట్టి సేవచేశారు.

కుష్ఠు ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. అది నరాలను దెబ్బతీస్తుంది. చర్మానికి స్పర్శ పోతుంది. నిప్పు తగిలినా, ముల్లు గుచ్చుకున్నా తెలియక గాయాలు ముదిరి కాళ్లూ చేతులూ వికలమవుతాయి. నేడు మందులతో ఈ వ్యాధి పూర్తిగా నయమవుతుంది. ఆ రోజుల్లో మాత్రం దీనిని పాపఫలమని భావించి, రోగులను ఇంటినుంచి, ఊరినుంచి వెళ్లగొట్టేవారు. వ్యాధికన్నా వెలి వారిని ఎక్కువగా కుంగదీసేది.

ఆమ్టే కలకత్తా వెళ్లి కుష్ఠు చికిత్సలో శిక్షణ పొందారు. 1951లో భార్య సాధనాతాయి, ఇద్దరు పసిబిడ్డలు, ఆరుగురు రోగులతో వరోరా సమీపంలో ఆనందవనానికి పునాది వేశారు. ఇది తెలంగాణను ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఉంది. అప్పుడు వారివద్ద ఉన్నవి ఒక కుంటి ఆవు, 14 రూపాయలు. నేలంతా రాళ్లు, ముళ్లపొదలు. పాములకూ తేళ్లకూ కొదువలేదు. అందరూ కలిసి బావి తవ్వారు, పొదలు నరికారు, పంటలు పండించారు.

దానం మనిషిని చిన్నబుచ్చుతుందనీ, పని అతన్ని నిలబెడుతుందనీ ఆమ్టే విశ్వాసం. అందుకే రోగులకు చికిత్సతో పాటు పనిముట్లు అందించారు. వేళ్లు లేని చేతులు మగ్గం నేశాయి, గోడలు కట్టాయి. మొదట ఊరివారు వారు పండించిన కూరగాయలను కొనలేదు. కాలక్రమంలో ఆ రోగులే తమ చేతులతో ఊరి పిల్లలకోసం కళాశాల భవనాలు కట్టారు. వెలివేసిన ఊరికే వారు దాతలయ్యారు.

ఈ పనిలో ఆమ్టే కూడా తన జీవితానికి అర్థం తెలుసుకున్నారు. వెన్నెముక జబ్బువల్ల కూర్చోలేకపోయినా, నిలబడో పడుకునో పని సాగించారు. 1985లో మెగసెసే పురస్కారం ఆయనను వరించింది. 2008 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. ఆయనను ఆనందవనం మట్టిలోనే సమాధి చేశారు.

మన తరగతిలో, మన వీధిలో రోగంతోనో అంగవైకల్యంతోనో బాధపడేవారు ఉండవచ్చు. వారికి ఏమి ఇవ్వగలమని ఆలోచించటం మంచిదే. వారితో కలిసి ఏమి చేయగలమని ఆలోచించటం ఇంకా మంచిది.